ప్యాసింజర్ బండికి తగిలించిన స్లీపర్ పెట్టె చరిత్ర వెతకాలంటే

మా నాన్న బెజవాడలో టీఎక్సార్. బండి ఆగగానే లైటు పట్టుకుని చక్రాలూ బ్రేకులూ చూసుకుంటూ వెళ్ళే ఉద్యోగం. సత్యనారాయణపురం రైల్వే క్వార్టర్స్‌లో పెరిగినదాన్ని కాబట్టి నాకు రైలు పెట్టెల పిచ్చి అంటుకుంది. పేరున్న ఎక్స్‌ప్రెస్‌ల గురించి రాసేవాళ్ళు చాలామంది ఉన్నారు. ప్రతి స్టేషన్లో ఆగుతూ తెల్లవార్లూ నడిచే ప్యాసింజర్లకు ఒకటో రెండో స్లీపర్ పెట్టెలు తగిలించేవారు చూడండి, వాటి సంగతి ఎవరికీ పట్టలేదు. 2020లో కోవిడ్‌కి ఆగిన బండ్లు మళ్ళీ పట్టాలెక్కేసరికి చాలా ప్యాసింజర్లు ఎక్స్‌ప్రెస్‌లైపోయాయి. వెతకాలనుకుంటే ఇప్పుడే మొదలుపెట్టండి. చూసినవాళ్ళు ఇంకా ఉన్నారు.

ముందు ఒక్క బండిని ఎంచుకోండి. "స్లీపర్ కోచ్‌ల చరిత్ర" అని నోట్‌బుక్ మీద రాసుకుని నేను ఒక ఏడాది పాడుచేసుకున్నాను. తర్వాత గుంటూరు నుంచి హుబ్లీ వెళ్ళే ఇరుకు పట్టాల మీటర్ గేజ్ బండి ఒక్కటే పట్టుకుంటే పని కదిలింది. గుంటూరు–గుంతకల్లు లైను 1990లలో వెడల్పు పట్టాల బ్రాడ్ గేజ్ అయింది. గేజ్ మారితే పెట్టెలన్నీ మారిపోతాయి, కాబట్టి అంతకుముందు కథ వేరు, ఆ తర్వాత కథ వేరు. రెండూ కలిపి రాసేస్తే అంతా గందరగోళం.

తర్వాత చూడాల్సింది, మీ బండి ఏ కాలంలో ఎవరి చేతిలో ఉంది అన్నది. కాగితాలు ఏ ఊళ్ళో ఉంటాయో దీన్నిబట్టే తేలుతుంది. మా హుబ్లీ లైను మొదట సదరన్ మరాఠా రైల్వేది. 1908 నుంచి మద్రాస్ అండ్ సదరన్ మరాఠా, జనం నోట్లో ఎమ్మెస్సెమ్. 1951లో సదరన్ రైల్వే. 1966 అక్టోబర్ 2న సౌత్ సెంట్రల్ ఏర్పడినప్పుడు విజయవాడ, హుబ్లీ డివిజన్లు రెండూ ఇటొచ్చాయి. గుంటూరు డివిజన్ అయితే 2003లో పుట్టింది. అంటే 1960 నాటి బండి గురించి గుంటూరు ఆఫీసులో అడిగితే వాళ్ళు మాత్రం ఏం చెబుతారు? ఎమ్మెస్సెమ్ రోజులకైతే చెన్నై ఎగ్మోర్‌లోని తమిళనాడు ఆర్కైవ్స్ మెరుగు. సికింద్రాబాద్ వైపు లైను నిజాం రైల్వేది కాబట్టి ఆ వెతుకులాట హైదరాబాద్ తార్నాకలోని ఆర్కైవ్స్‌లో మొదలుపెట్టాలి. పాత కాగితాల్లో విజయవాడ అని వెతికితే ఏమీ దొరకదు, బెజవాడ అనే వెతకాలి. స్టేషన్ కోడ్ ఇప్పటికీ బీజడ్‌ఏ కదా.

అసలు నిధి పాత టైంటేబుళ్ళు. ఏలూరు రోడ్డు లెనిన్ సెంటర్‌లో పాత పుస్తకాల దుకాణాల ముందు ఓపిగ్గా కూర్చోండి, పోటీ పరీక్షల గైడ్ల కింద ఎక్కడో ఒకటి తగులుతుంది. అట్ట చిరిగిపోయి సంవత్సరం తెలియకపోతే బండి నంబర్లు చూడండి. అన్నీ అయిదంకెలుంటే అది 2010 డిసెంబర్ తర్వాతిది. కొన్నవాళ్ళంతా చూసేది బండి వేళల పేజీలే. మనకు కావాల్సింది త్రూ కోచ్‌లు, స్లిప్ కోచ్‌ల పట్టిక, పేజీ అడుగున చుక్క గుర్తు పెట్టి రాసిన సన్నక్షరాలు. ఫలానా పెట్టె ఫలానా జంక్షన్‌లో విడిపోయి ఇంకో బండికి తగులుతుందని చెప్పేది అక్కడే.

పాత పత్రికల కోసం గుంటూరు బృందావన్ గార్డెన్స్‌లో అన్నమయ్య గ్రంథాలయం ఉంది, చీరాల పక్కన వేటపాలెంలో 1918 నాటి సారస్వత నికేతనం ఉంది. కొత్త టైంటేబుల్ అమల్లోకి వచ్చే రోజుల పత్రికలు ముందు తీయించండి. రైల్వే ప్రకటనలు చిన్న అక్షరాల్లో, సినిమా ప్రకటనల పక్కన నక్కి ఉంటాయి.

ఇక మాటల చిక్కు. ఇప్పుడు టూ టైర్ అంటే ఏసీ అనుకుంటాం. పాత సెకండ్ క్లాసులో ఏసీ లేని టూ టైర్ ఉండేది, కింద కూర్చునేవాళ్ళు, పైన పడుకునేవాళ్ళు. పెట్టె మీది కోడ్‌లో సీడబ్ల్యూ ఉంటే బెర్తులు రెండంతస్తులు, సీఎన్ ఉంటే మూడు. థర్డ్ క్లాస్ 1974లో పోయింది, కాబట్టి ఎవరైనా 1980లో థర్డ్ క్లాసులో వెళ్ళామంటే ఆ మాట పక్కన ప్రశ్న గుర్తు పెట్టుకోండి. స్లీపర్ విడి క్లాసు కాకముందు సెకండ్ క్లాసు టికెట్టు మీద స్లీపర్ సర్‌ఛార్జి కట్టేవారు, అందుకే పాత టికెట్టు మీద స్లీపర్ అనే మాట లేనంత మాత్రాన కూర్చుని వెళ్ళారని అనుకోకూడదు.

బ్రాడ్ గేజ్ పెట్టె కళ్ళ ముందుంటే పని తేలిక. అయిదంకెల నంబరులో మొదటి రెండూ తయారైన ఏడాది. చివరి మూడు అంకెలు 200 నుంచి 400 లోపుంటే సాధారణంగా స్లీపర్. పెట్టె చివర గోడ మీద ఓవర్‌హాల్ తేదీ, వర్క్‌షాపు పేరు రాసుంటాయి, మన వైపు ఎక్కువగా లాలాగూడ, తిరుపతి. కార్లు మోసుకెళ్ళే ఎన్ఎంజీ బండి చూశారా? కిటికీలు మూసేసిన ఆ పెట్టెలు ఒకప్పుడు మనం ఎక్కి తిరిగినవే. యార్డులోకి మాత్రం అనుమతి లేకుండా వెళ్ళకండి.

ఆర్టీఐ (సమాచార హక్కు) దరఖాస్తుకి పది రూపాయలు. నా మొదటి దరఖాస్తులో "పూర్తి వివరాలు ఇవ్వగలరు" అని రాస్తే ఒక ఆఫీసు నుంచి "అందుబాటులో లేవు" అని ఒక్క ముక్క వచ్చింది, అదీ గడువు దాటాక. ఫలానా బండి, ఫలానా ఏడాది, రేక్ కంపోజిషన్ (బండిలో ఏయే పెట్టెలు ఎన్నో చెప్పేది) పేజీ నకలు అని అడగండి.

మనుషుల్ని అడిగేటప్పుడు ఏడాది అడగొద్దు, ఎవరి పెళ్ళికి వెళ్తూ, ఎవరు పుట్టినప్పుడు అని అడగండి. మా మావయ్య 1972లో హుబ్లీ బండిలో మెత్తటి బెర్తు మీద పడుకున్నానని ఒట్టేశాడు. సెకండ్ క్లాసు చెక్క బెర్తులకు పరుపులు వేయించింది 1977లో రైల్వే మంత్రి అయిన మధు దండవతే. అదే మాట అన్నాను. మావయ్యకి కోపం వచ్చింది. వంటింట్లోంచి అత్తయ్య, "కొత్త అల్లుడని మా నాన్న ఫస్ట్ క్లాసు టికెట్టు కొనిచ్చాడుగా, ఆ సంగతి చెప్పరేం?" అంది. పరుపు నిజమే, క్లాసు మర్చిపోయాడు. అందుకే ఒక్కరి మాట మీద నేను ఏదీ రాయను. రెండో మనిషో, కాగితమో తోడుండాలి.

ఆ టికెట్టు అత్తయ్య పాత పంచాంగంలో దాచింది. బొటనవేలంత అట్టముక్క, ఒక మూల టీటీ పంచ్ చేసిన కన్నం. తేదీ సిరాతో వేసింది కాదు, మిషన్‌లో నొక్కితే అట్టలో దిగిన అచ్చు. ఏటవాలుగా లైటు వేస్తేనే కనిపిస్తుంది. రెండు వైపులా ఫోటో తీసుకుని కాగితం కవర్లో పెట్టండి, లామినేషన్ చేయించకండి. నేను చేయించాను. వేడికి అట్ట చదునైపోయి, ఇప్పుడు భూతద్దం పెట్టినా ఆ తేదీ కనపడదు. అత్తయ్యకి ఇంకా చెప్పలేదు.