ముప్పై మంది పిల్లలకి ఐదు డిస్కులు

నేను హైస్కూల్లో పీఈటీని. గేమ్స్ పీరియడ్‌కి ఒక్కోసారి రెండు సెక్షన్లు కలిపి నా దగ్గరికి పంపుతారు. క్రికెట్ పెడితే ఆడేది నలుగురైదుగురే, మిగతావాళ్లు నిలబడి చూస్తారు. ఆడపిల్లలైతే వెళ్లి చెట్టు కింద కూర్చుంటారు. అందరూ పరుగెత్తే ఆట కోసం వెతికి డిస్క్ దగ్గర, అంటే విసిరి పట్టుకునే గుండ్రటి ప్లాస్టిక్ పళ్లెం (ఫ్రిస్బీ) దగ్గర ఆగాను. ఆరు నుంచి తొమ్మిదో తరగతి దాకా పిల్లలకి ఇలా నేర్పుతాను.

పెద్దల మ్యాచ్‌ల్లో వాడే డిస్క్ 175 గ్రాములుంటుంది. చిన్న పిల్లలకి 135 నుంచి 145 గ్రాముల జూనియర్ డిస్క్ కొనండి. బొమ్మల దుకాణాల్లో దొరికే పల్చటి రకం మాత్రం వద్దు. అది గాలికి ఎటో పోతుంది, తప్పు తమదేనని పిల్లలు అనుకుంటారు. ఆరుగురికి ఒక డిస్క్ ఉంటే చాలు, ఎవరూ లైన్లో ఎదురుచూడాల్సిన పని ఉండదు.

ఆడే ముందు గ్రౌండంతా ఒకసారి నడిచి చూడండి. మా పిల్లల్లో సగం మంది వట్టి కాళ్లతోనే ఆడతారు కాబట్టి పల్లేరు కాయలు, గాజు ముక్కలు ఏరించాకే మొదలుపెడతాను. సాయంత్రం ఆడిస్తే కోర్టును ఉత్తరం, దక్షిణం వైపులకి గీయండి. అప్పుడు ఎవరి కళ్లలోనూ ఎండ పడదు.

ముందు నేర్పాల్సింది పట్టుకోవడం. ఒక అరచేయి పైన, ఒకటి కింద పెట్టి, చప్పట్లు కొట్టినట్టు మధ్యలో డిస్క్‌ని మూసేయాలి. తలకంటే ఎత్తులో వస్తే రెండు చేతులతో అంచు పట్టాలి, బొటనవేళ్లు కింద ఉండాలి. మోకాళ్ల కిందికి వస్తే బొటనవేళ్లు పైన. ఇది వచ్చిన పిల్లలకి డిస్క్ మొహానికి తగులుతుందన్న భయం పోతుంది.

విసిరేటప్పుడు బొటనవేలు డిస్క్ మీద, మిగతా నాలుగు వేళ్లు అంచు లోపలికి మడిచి ఉండాలి. కుడిచేతి వాటం పిల్లలు పక్కకి తిరిగి కుడికాలు ముందుకు వేయాలి. చెయ్యి ఎడమవైపు నుంచి నేలకి సమాంతరంగా రావాలి, చివర్లో మణికట్టు విదిలించాలి. మగపిల్లలు ఇక్కడే బలమంతా చూపిస్తారు. బలం కాదు, డిస్క్ గిర్రున తిరగడం ముఖ్యం. తిరుగుతున్నంతసేపే అది ఒరగకుండా గాలిలో నిలుస్తుంది. పైకి లేచి కుడికి పడిపోతుంటే, బయటి అంచు కాస్త కిందికి వంచి వదలమనండి. మొదట ఐదు అంగల దూరం నుంచి చాలు.

చెయ్యి కుదిరాక ఆరుగురిని గుండ్రంగా నిలబెట్టి ఒకరిని మధ్యలో ఉంచండి. పక్కవాళ్లకి ఇవ్వకూడదు, వలయంలో అవతలివైపు ఉన్నవాళ్లకి విసరాలి. మధ్యలో ఉన్నవాళ్లు తాకితే విసిరినవాళ్లు లోపలికి వస్తారు. ఈ ఆటలో ‘అవుట్’ లేదు. సిగ్గుపడే పిల్లలుంటే చెట్లాట పెట్టండి: వేపచెట్టు, బోరింగు, గోల్‌పోస్టు వరుసగా తాకాలి, డిస్క్ పడిన చోటు నుంచే మళ్లీ విసరాలి, తక్కువ విసుర్లతో ముగించినవాళ్లు గెలిచినట్టు.

అసలు ఆట అల్టిమేట్. 1968లో అమెరికాలోని న్యూజెర్సీలో కొలంబియా హైస్కూల్ విద్యార్థులు మొదలుపెట్టారు. మీలాంటి స్కూలు పిల్లలే పెట్టిన ఆట అని చెప్తే మావాళ్ల కళ్లు మెరుస్తాయి. అసలు కోర్టు 100 మీటర్ల పొడవు, 37 మీటర్ల వెడల్పు, జట్టుకి ఏడుగురు. నేను 40 మీటర్ల పొడవు, 20 మీటర్ల వెడల్పుతో సున్నం గీతలు గీసి ఐదుగురితో ఆడిస్తాను. రెండు చివర్లా ఆరేసి మీటర్ల గడి. జట్టులోవాళ్లు విసిరిన డిస్క్‌ని అవతలి గడిలో పట్టుకుంటే పాయింటు. డిస్క్ చేతిలో ఉంటే నడవకూడదు, ఒక కాలు కదలకుండా తిరగొచ్చు. ఎదుటివాళ్లు పది లెక్కపెట్టేలోగా విసరాలి. కిందపడితే డిస్క్ అవతలి జట్టుది. ఒకరినొకరు తాకకూడదు. ముగ్గురి చేతులకైనా డిస్క్ అందితేనే పాయింటు అనేది నేను కలిపిన నియమం. జట్లలో ఆడపిల్లల్నీ మగపిల్లల్నీ కలిపే వేస్తాను.

ఈ ఆటలో నాకు బాగా నచ్చింది, రెఫరీ లేకపోవడం. ప్రపంచ పోటీల్లో కూడా ఫౌల్ చెప్పేది ఆటగాళ్లే. తగిలినవాళ్లు “ఫౌల్” అంటారు, ఎదుటివాళ్లు ఒప్పుకుంటారు లేదా లేదంటారు. తేలకపోతే డిస్క్ విసిరినవాళ్ల దగ్గరికే తిరిగి వెళ్తుంది. మొదట్లో “టీచర్, వాడు తోశాడు!” అని నా వైపే పరుగెత్తుకొస్తారు. నేను తీర్పు చెప్పను, “ఇద్దరూ మాట్లాడుకోండి” అంటాను. గొడవ చాలాసేపు సాగుతుంది, పీరియడ్ కొంత దానికే పోతుంది. పోనివ్వండి. ఒకసారి అలవాటైతే “అవును, నాదే తప్పు” అని తమంతట తామే చెప్పేస్తారు, ఆట ఆగదు.

గాలి ఎక్కువున్న రోజు దగ్గర దగ్గరగా, నడుము ఎత్తులోనే పాసులివ్వమనండి. సిమెంటు నేల మీద వద్దు, డిస్క్ అంచులు గరుకెక్కి వేళ్లు కోసుకుంటాయి. అలా అయిన డిస్క్ పారేయకుండా, గరుకైన చోట సన్నటి సాండ్‌పేపర్‌తో రుద్దండి.