ఆన్‌లైన్ ఎంబీఏలో చేరుతున్నారా? డబ్బు కట్టే ముందు ఆ ఒక్క వరుస మీ కళ్ళతో చూడండి

పోయిన నెల ఒక మంగళవారం మా ఆఫీసుకి ఒక తల్లి వచ్చింది. చేతిలో బట్టల షాపు కవరు. అందులో కొడుకు మార్కుల మెమోలు, ప్రొవిజినల్ సర్టిఫికెట్, గోల్డ్ లోన్ రసీదు, అన్నీ ఒక ప్లాస్టిక్ ఫోల్డర్‌లో వరుసగా పెట్టుకుని తెచ్చింది. "సార్, ఇవి దొంగవి కావు. యూనివర్సిటీ నుంచే పోస్టుల వచ్చినయి. ఆ కవరు కూడ దాచిన" అంటూ చింపిన కవరు తీసి టేబుల్ మీద పెట్టింది. స్టాంపు ఉంది, తేదీ ఉంది, యూనివర్సిటీ అడ్రసు ఉంది. ఆమె చెప్పింది నిజమే. ఆ మెమోలు అసలువే, వాటి మీద సంతకం అసలుదే. అయినా ఆ డిగ్రీ చెల్లలేదు. పిల్లవాడికి ఇచ్చిన ఆఫర్ లెటర్‌ని కంపెనీ వెనక్కి తీసుకుంది.

నేను మాదాపూర్‌లో బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ పని చేస్తాను. ఉద్యోగంలో చేరేవాళ్ళ సర్టిఫికెట్లను ఆయా యూనివర్సిటీలకు పంపి జవాబు తెప్పించడం మా పని. పదకొండేళ్ళుగా ఇదే చేస్తున్నాను. జనవరి బ్యాచ్ అడ్మిషన్లు మొదలయ్యే రోజులు కాబట్టి ఇప్పుడే రాస్తున్నాను. మైత్రీవనం దగ్గర పాంప్లెట్లు పంచడం మొదలైంది, ఫోన్లకి కౌన్సెలర్ల కాల్స్ మొదలయ్యాయి.

వన్ సిట్టింగ్ డిగ్రీల గురించి, పాత తేదీ వేసి ఇచ్చే సర్టిఫికెట్ల గురించి ఇక్కడ రాయను. అవి కొనేవాడికి తాను ఏం కొంటున్నాడో తెలుసు. నేను రాసేది నిజాయితీగా చదివి, రాత్రుళ్ళు అసైన్‌మెంట్లు రాసి, పరీక్షలు పాసై, చివర్లో మోసపోయేవాళ్ళ కోసం.

వాళ్ళలో ఎక్కువమంది చేసే తప్పు ఒకటే. యూనివర్సిటీ పేరు చూసి ఆగిపోతారు.

"యూనివర్సిటీ అసలుదేనా?" అని అడుగుతారు. కౌన్సెలర్ యూజీసీ (యూనివర్సిటీల మీద అజమాయిషీ చేసే కేంద్ర సంస్థ) సైట్ తెరిచి పేరు చూపిస్తాడు. పేరు ఉంటుంది. మనసు కుదుటపడి డబ్బు కట్టేస్తారు. కానీ యూనివర్సిటీకి గుర్తింపు ఉండటం వేరు, దానికి ఈ కోర్సుని ఆన్‌లైన్‌లో ఈ సెషన్‌లో నడపడానికి అనుమతి ఉండటం వేరు. క్యాంపస్‌లో చదివే ఎంబీఏకి ఉన్న గుర్తింపు ఆన్‌లైన్ ఎంబీఏకి దానంతట అదే రాదు. 2020లో వచ్చిన యూజీసీ నిబంధనల ప్రకారం దూరవిద్యకి ఒక అనుమతి, ఆన్‌లైన్‌కి ఇంకో అనుమతి. ఒకటుంటే రెండోది ఉన్నట్టు కాదు.

ఆ తల్లి కొడుకు విషయంలో జరిగింది ఇదే. నల్గొండ వైపు నుంచి వచ్చి ఎస్సార్ నగర్ హాస్టల్‌లో ఉంటూ కాల్ సెంటర్‌లో పని చేసేవాడు. టీమ్ లీడర్ కావాలంటే పీజీ ఉండాలన్నారు. అమీర్‌పేటలో ఒక కన్సల్టెన్సీ అతనికి యూజీసీ అనుమతి ఉందని ఒక స్క్రీన్‌షాట్ పంపింది. ఆ కాగితం అబద్ధం కాదు. కాకపోతే అది అంతకు రెండేళ్ళ ముందుది, అదీ దూరవిద్య అనుమతిది. ఇతను చేరింది ఆన్‌లైన్‌లో. ఆ సెషన్‌కి ఆ కోర్సుకి ఆన్‌లైన్ అనుమతి లేదు. స్క్రీన్‌షాట్ పైన చిన్న అక్షరాల్లో సంవత్సరం కనిపిస్తూనే ఉంది. నేను పెద్దది చేసి చూపించేదాకా ఆ పిల్లవాడు దాన్ని చూడలేదు.

అందుకే మళ్ళీ చెబుతున్నాను, పేరు చూసి ఆగిపోవద్దు. యూజీసీలో దూరవిద్య, ఆన్‌లైన్ చదువులు చూసే విభాగాన్ని డిస్టెన్స్ ఎడ్యుకేషన్ బ్యూరో అంటారు, పొట్టిగా డెబ్. దాని సైట్ డెబ్ డాట్ యూజీసీ డాట్ ఏసీ డాట్ ఇన్. అక్కడ ఏ సంవత్సరం, ఏ సెషన్‌లో ఎవరికి ఏ కోర్సుకి అనుమతి ఉందో జాబితాలు ఉంటాయి. సెషన్లు ఏటా రెండు, జనవరి–ఫిబ్రవరి ఒకటి, జులై–ఆగస్టు ఒకటి. మీరు చూడాల్సినవి నాలుగు: యూనివర్సిటీ పేరు, కోర్సు పేరు, ఆన్‌లైన్ అన్న మాట, మీరు చేరబోయే సెషన్. నాలుగూ ఒకే వరుసలో కనిపించాలి. మూడు కనిపించి ఒకటి కనిపించకపోతే ఆ కోర్సు లేనట్టే.

పోయినేడు ఉన్న అనుమతి ఈ ఏడు ఉంటుందన్న గ్యారంటీ లేదు. 2025 జులై–ఆగస్టు సెషన్ నుంచి సైకాలజీ, న్యూట్రిషన్ లాంటి ఆరోగ్య సంబంధమైన కోర్సుల్ని దూరవిద్యలో, ఆన్‌లైన్‌లో నడపొద్దని యూజీసీ ఆపేసింది. అంతకు ముందు సెషన్ దాకా అవి నడిచినవే. మీ సీనియర్ చేరి బయటపడ్డాడంటే అది అతని సెషన్ సంగతి, మీది వేరు.

చూసేది మీ ఫోన్‌లో, మీరు టైప్ చేసిన అడ్రసులో చూడాలి. కౌన్సెలర్ పంపిన లింకు నొక్కి కాదు. చూసిన పేజీని తేదీతో సహా పీడీఎఫ్ చేసి పెట్టుకోండి, రేపు మా లాంటివాళ్ళు అడిగినప్పుడు చూపించడానికి ఉంటుంది.

ఇక డెబ్ ఐడీ. 2024 జులై–ఆగస్టు సెషన్ నుంచి దూరవిద్యలో గానీ ఆన్‌లైన్‌లో గానీ చేరాలంటే విద్యార్థికి ఇది తప్పనిసరి. అదే సైట్‌లో, మీ అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ (మీ చదువు క్రెడిట్లు జమ అయ్యే ప్రభుత్వ ఆన్‌లైన్ ఖాతా) ఐడీతో తయారవుతుంది. ఆ పిల్లవాడు ఇది రాకముందు చేరాడు, అప్పుడే ఉంటే బహుశా అక్కడే ఆగిపోయేవాడు. ఇప్పుడు కొత్త చిక్కు ఏమిటంటే, కన్సల్టెన్సీ వాళ్ళు "ఓటీపీ చెప్పండి, ఐడీ మేమే చేసేస్తాం" అంటున్నారు. చెప్పొద్దు. మీ ఐడీ మీరే చేసుకోండి, మీ నంబరుతో, మీ మెయిల్‌తో. అరగంట పని. డెబ్ ఐడీ అక్కర్లేదని ఎవరైనా అంటే అక్కడితో ఆ ఫోన్ పెట్టేయండి.

డబ్బు సంగతికొస్తే, జీరో కాస్ట్ ఈఎంఐ అన్నది చాలాసార్లు అప్పే. ఫీజు మొత్తం ఫైనాన్స్ కంపెనీ అటు కట్టేస్తుంది, నెలనెలా మీరు ఇటు తీరుస్తారు. కోర్సు నచ్చక మానేసినా, మోసమని తేలినా అప్పు మీ పేరు మీదే ఉంటుంది, సిబిల్ స్కోరు మీదే పడిపోతుంది. ఆ తల్లికి కోపం డిగ్రీ పోయినందుకు కన్నా దీనికే ఎక్కువ వచ్చింది. ఈఎంఐలు తీర్చడానికే గాజులు గోల్డ్ లోన్‌లో పెట్టింది. రిజర్వ్ బ్యాంక్ నిబంధనల ప్రకారం డిజిటల్ అప్పు తీసుకున్నాక కనీసం ఒక రోజు ఆలోచించుకునే గడువు ఇవ్వాలి. ఆ గడువులో అసలు, అప్పటిదాకా అయిన వడ్డీ కట్టేసి, జరిమానా లేకుండా బయటికి రావచ్చు. ప్రాసెసింగ్ ఫీజు మాత్రం కొందరు ఉంచేసుకుంటారు, ముందే అడగండి. ఆ రాత్రే కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్ అనే కాగితం తెరిచి మొత్తం ఎంత కడుతున్నారో చూసుకోండి. సీటు బుకింగ్ పేరుతో వ్యక్తి యూపీఐకి ఒక్క రూపాయి కూడా పంపొద్దు. ఫీజు యూనివర్సిటీ పేరున ఉన్న ఖాతాకే వెళ్ళాలి, రసీదు యూనివర్సిటీ పేరున రావాలి.

పేర్ల దగ్గర కూడా జాగ్రత్త. ఎంబీఏ డిగ్రీ, పీజీడీఎం డిప్లొమా. డిప్లొమా తక్కువదని కాదు, మంచి పీజీడీఎంలు ఉన్నాయి. కానీ మీకు కావలసింది డిగ్రీ అయితే డిప్లొమా దానికి సమానమని రాతపూర్వకంగా ఉందా అని చూడాలి. "ఎగ్జిక్యూటివ్ ఎంబీఏ ప్రోగ్రామ్" అని పెద్దక్షరాల్లో పెట్టి కింద సర్టిఫికెట్ అని రాస్తారు. ఎంబీఏ అంటే మామూలుగా రెండేళ్ళు. పది రోజుల ఎంబీఏ అని ప్రకటనలొస్తే అలాంటివి చెల్లవని 2024లో యూజీసీయే హెచ్చరించింది.

విదేశీ యూనివర్సిటీ పేరు చెప్పి ఎడ్‌టెక్ కంపెనీలు అమ్మే డిగ్రీల మీద కూడా 2023 డిసెంబరులో యూజీసీ హెచ్చరిక ఇచ్చింది, తమ అనుమతి లేని అలాంటి ఒప్పందాలతో వచ్చే డిగ్రీలకు గుర్తింపు ఉండదని. ఆన్‌లైన్ పీహెచ్‌డీ అన్నదానికి గుర్తింపు లేదని 2022లోనే చెప్పారు. పేరు ముందు డాక్టర్ అని రాసుకోవాలన్న ఆశతో లక్షలు పోసిన నలభై ఏళ్ళ మేనేజర్లు నా దగ్గరికి వస్తుంటారు, వాళ్ళకి ఏం చెప్పాలో ఇప్పటికీ నాకు తెలియదు.

ఒక మాట స్పష్టంగా చెప్పాలి, ఆన్‌లైన్ డిగ్రీ అంటేనే భయపడనక్కర్లేదు. అనుమతి ఉన్న ఆన్‌లైన్, దూరవిద్య డిగ్రీలు రెగ్యులర్ డిగ్రీతో సమానమని 2022 సెప్టెంబరులో యూజీసీ నోటీసు ఇచ్చింది. వాటిని మేము రోజూ పాస్ చేస్తుంటాం. తక్కువ ఖర్చులో దూరవిద్యే చాలనుకుంటే జూబ్లీహిల్స్‌లో అంబేద్కర్ ఓపెన్ యూనివర్సిటీ ఉంది. 1982లో మొదలైంది, దేశంలో మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం అదే. ఉస్మానియాలో ప్రొఫెసర్ జి. రాంరెడ్డి దూరవిద్యా కేంద్రం ఉంది. ఇన్నేళ్ళ పేరున్న చోటైనా ఆ వరుస చూసే చేరండి. పేరు చూసి ఆగిపోవద్దు అన్నది వాటికీ వర్తిస్తుంది.

ఇంకా గుర్తొస్తున్నవి వరుసగా రాసేస్తున్నాను.

వేరే రాష్ట్రం ప్రైవేటు యూనివర్సిటీ "దూరవిద్య స్టడీ సెంటర్" అని హైదరాబాద్‌లో బోర్డు పెట్టుకుంటే లోపలికి వెళ్ళొద్దు. దాని దూరవిద్య పరిధి దాని రాష్ట్రం వరకే. ఆన్‌లైన్‌కి ఆ హద్దు లేదు, ఆన్‌లైన్‌కి సెంటర్‌తో పని కూడా లేదు.

యూజీసీ నకిలీ యూనివర్సిటీల జాబితా ఒకసారి చదవండి. గుంటూరు, విశాఖ అడ్రసులు కూడా అందులో ఉన్నాయి, దూరం ఊళ్ళ గొడవ అనుకోవద్దు.

"అప్లై చేశాం, అనుమతి వచ్చేస్తుంది" అంటే వచ్చాక చేరండి.

"పరీక్ష మేమే రాయించేస్తాం" అన్నవాడి నంబరు బ్లాక్ చేయండి.

వంద శాతం ప్లేస్‌మెంట్ అన్నచోట అసిస్టెన్స్ అన్న మాట వెతకండి. ఆ మాట ఉంటే ఉద్యోగం ఇస్తామని వాళ్ళు అననట్టే.

పాఠం చెప్పే ప్రొఫెసర్ల పేర్లు అడగండి. చెప్పలేకపోతే వదిలేయండి.

ఒరిజినల్ టెన్త్ మెమో, డిగ్రీ సర్టిఫికెట్లు ఎవరికీ ఇవ్వొద్దు. చూపించి వెనక్కి తెచ్చుకోండి. "ఫీజు పూర్తిగా కడితేనే ఇస్తాం" అని అట్టే పెట్టుకున్న కన్సల్టెన్సీలు ఉన్నాయి.

రెజ్యూమెలో ఆన్‌లైన్ డిగ్రీని రెగ్యులర్ అని రాయొద్దు. డిగ్రీ మంచిదే అయినా, ఆ ఒక్క మాటతో మేము రిపోర్టులో తేడా అని రాయాల్సి వస్తుంది.

ఈరోజే లాస్ట్ డేట్, ఈ రాత్రికే డిస్కౌంట్ పోతుంది అంటే పోనివ్వండి.

డబ్బు పోయిందని తెలిసిన క్షణంలోనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. సిగ్గుపడి వారం ఆగొద్దు.

పేరు కాదు. కోర్సు, ఆన్‌లైన్, సెషన్. ఒకే వరుసలో. మీ ఫోన్‌లో.

ఇంట్లో చేరబోతున్న పిల్లలుంటే, అమ్మానాన్నలు పక్కన కూర్చుని ఆ పేజీ తెరిపించండి. మీకు ఇంగ్లిష్ రాకపోయినా ఫర్వాలేదు, వేలు పెట్టి ఆ వరుస చదివి వినిపించమని అడగండి. ఆ తల్లి వెళ్తూ నన్ను అడిగింది కూడా అదే. చిన్న కొడుకు వచ్చే ఏడాది డిగ్రీ అయిపోతాడట, ఆ వరుస ఎక్కడుంటుందో కాగితం మీద రాసివ్వమంది. రాసిచ్చాను. దాన్ని ఆ చింపిన కవరులోనే పెట్టుకుంది.