మనసు జబ్బులను అర్థం చేసుకుందాం, 3వ పాఠం: ఎన్నాళ్లుగా?

ఇంట్లో ఒకరి తీరు మారినప్పుడు చూసింది చూసినట్టు రాయడం పోయిన పాఠంలో నేర్చుకున్నాం. ‘పిచ్చిగా చేస్తున్నాడు’ అని రాస్తే డాక్టరుకు ఏమీ తెలియదు. ‘తెల్లవారుజామున మూడింటికే లేచి కూర్చుంటున్నాడు’ అంటే తెలుస్తుంది. ఆ కాగితం తీయండి. ఈసారి ప్రతి వాక్యం పక్కన అది ఎప్పుడు మొదలైందో వేద్దాం.

మనసు జబ్బుల్లో చాలావాటిని రక్తపరీక్షతోనో స్కానింగ్‌తోనో తేల్చలేరు. ఏ లక్షణాలు, ఎన్నాళ్లుగా, వాటివల్ల ఏ పనులు ఆగాయి అన్నదే ఆధారం. జర్మన్ వైద్యుడు ఎమిల్ క్రేపెలిన్ 1899లో రెండు పెద్ద జబ్బులను వేరుచేసింది కూడా రోగులను ఏళ్ల తరబడి గమనించే. కొందరిలో జబ్బు వచ్చి పోతోంది, మధ్యలో మామూలుగా ఉంటున్నారు. మరికొందరిలో ముదురుతూ పోతోంది. ఈనాటి బైపోలార్ (దిగులు, అతి హుషారు విడతలుగా వచ్చే జబ్బు), స్కిజోఫ్రీనియా (లేని మాటలు వినిపించడం, లేనిపోని నమ్మకాలు ఉండే జబ్బు) అన్న విభజనకు మూలం అదే. రెండో రకం వాళ్లు ఇక కోలుకోరన్న ఆనాటి నిరాశ మాత్రం నిజం కాలేదు. ఎంతోమంది కోలుకుంటున్నారు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ చేసిన జబ్బుల వర్గీకరణ ఐసీడీ-11 2022 జనవరి నుంచి అమల్లో ఉంది. అందులోనూ కాలం లెక్కే ముఖ్యం. దిగులు, ఆసక్తి లేకపోవడం వంటివి దాదాపు రోజూ, రోజులో ఎక్కువ భాగం, కనీసం 2 వారాలు ఉంటే డిప్రెషన్ గురించి ఆలోచిస్తారు. మేనియాకు, అంటే మితిమీరిన హుషారుకు, 1 వారం, స్కిజోఫ్రీనియాకు 1 నెల. పానిక్ అటాక్ (హఠాత్తుగా ముంచుకొచ్చే విపరీతమైన భయం) అయితే నిమిషాల్లోనే తారస్థాయికి చేరుతుంది.

ఇప్పుడు ఒక ఉదాహరణ కట్టుకుందాం. ‘ఉద్యోగం పోయింది, ఆ టెన్షన్‌తో మూడు నెలలుగా మంచం దిగడం లేదు’ అని ఒకాయన భార్య చెబుతుంది. తేదీలు అడిగితే, నిద్ర చెడింది ఐదు నెలల క్రితం. పనిలో తప్పులు మొదలైంది నాలుగు నెలల క్రితం. ఉద్యోగం పోయింది ఆ తర్వాతే. అంటే మనం కారణం అనుకున్నది జబ్బు తెచ్చిన నష్టం కావచ్చు. ఇంట్లో వాళ్లు ఎక్కువగా పొరబడేది ఇక్కడే. ఈ పొరపాటువల్ల ‘ఇంకో ఉద్యోగం దొరికితే అదే సర్దుకుంటుంది’ అంటూ నెలలు గడిపేస్తారు.

అక్కడితో ఆగకండి, ఇంకా వెనక్కి వెళ్లండి. ‘రెండేళ్ల క్రితం పది రోజులు మూడు గంటలే పడుకున్నా అలసట లేదు. ఆగకుండా మాట్లాడాడు, అప్పులు చేసి మరీ ఖర్చుపెట్టాడు’ అని ఆమెకు గుర్తొస్తుంది. అప్పుడు ఆయన సంతోషంగా ఉన్నాడనే అనుకున్నారు. ఈ ఒక్క మాటతో వైద్యమే మారిపోవచ్చు. అది బైపోలార్ అయితే, డిప్రెషన్ మందు ఒక్కటే ఇస్తే మేనియా తిరగబెట్టే ప్రమాదం ఉంది. మనసును నిలకడగా ఉంచే లిథియం వంటి మందు అవసరపడవచ్చు. రక్తసంబంధీకుల్లో ఎవరికైనా ఇలాంటిది ఉందా, థైరాయిడ్ సమస్య ఉందా, తాగుడు ఎప్పుడు మొదలైంది అన్నవీ రాయండి. థైరాయిడ్ హార్మోన్ తక్కువైనా మనిషి అచ్చం డిప్రెషన్‌లో ఉన్నట్టే కనిపించవచ్చు.

వైద్యం మొదలయ్యాక కూడా ఈ కాగితం కావాలి. డిప్రెషన్ మందుల ప్రభావం కనిపించడానికి సాధారణంగా 2 నుంచి 4 వారాలు, కొందరికి అంతకన్నా ఎక్కువ పడుతుంది. వారానికే ‘పనిచేయడం లేదు’ అని మానేస్తే మందుకు అవకాశమే ఇవ్వనట్టు. బాగయ్యాక కూడా కనీసం 6 నెలలు కొనసాగించమంటారు. ఆపడం డాక్టరు చెప్పినట్టు, మెల్లగానే.

చనిపోవాలని ఉందని మనిషి అంటే మాత్రం రెండు వారాల లెక్క చూడవద్దు. ఒంటరిగా వదలకండి, అదే రోజు డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. ఆ మాటను మనమే ముందుగా ఎలా అడగాలో తర్వాతి పాఠంలో చూద్దాం.

అభ్యాసం: మీ కాగితం మీద ఒక గీత గీయండి. ఎడమ చివర ఆ మనిషి ఎప్పటిలా బాగున్న ఆఖరి నెల, కుడి చివర ఈ రోజు. ముందు నిద్ర, ఆకలి, పని, మాట ఎప్పుడు మారాయో గుర్తుపెట్టండి. ఇంట్లో జరిగిన సంఘటనలను ఆ తర్వాతే వేయండి.