గన్నేరు మాత్‌ను పెంచి చూద్దాం – 4వ పాఠం: పురుగు గోధుమరంగుకి తిరిగితే

గన్నేరు మాత్ అంటే గన్నేరు ఆకు మేసే గొంగళిపురుగు పెరిగి అయ్యే, సీతాకోకచిలుకలాంటి రెక్కల కీటకం. ఈసారి ప్యూపా (పురుగు తిండి మాని, పెంకులో ఉండి మాత్‌గా మారే దశ) గురించి చెబుదామనుకున్నాను. కానీ పోయిన పాఠం పట్టుకుని పురుగును పెంచినవాళ్లలో చాలామందిది ఒకటే మాట: పచ్చటిది నల్లబడింది, తిండి మానేసింది, జబ్బనుకుని పారేశాం. తప్పు నాదే, ఏడెనిమిది సెంటీమీటర్లకు పెరిగాక ఏమవుతుందో చెప్పకుండా ఆపేశాను.

నిండా పెరిగిన పురుగు ప్యూపా కాబోయే ముందు వీపంతా ముదురు గోధుమరంగుకి తిరుగుతుంది. ముందుభాగంలో కళ్లలా కనబడే నీలం మచ్చలు నల్లబడతాయి. (అవి కళ్లు కావని రెండో పాఠంలోనే చెప్పాను, మళ్లీ అడగకండి.) ఆకు ముట్టదు, కొమ్మ దిగి నేలమీద గబగబా తిరుగుతుంది. దాక్కోవడానికి చోటు వెతుక్కుంటోందన్నమాట. తెచ్చి ఆకు మీద పెట్టినా మళ్లీ దిగిపోతుంది.

జబ్బుదాన్ని ఎలా పోల్చాలి? రంగు వదిలేసి ఒళ్లు చూడండి. ఆఖరి దశలో కొన్ని గోధుమరంగులోనే ఉండి సుబ్బరంగా మేస్తుంటాయి. పచ్చగా నిగనిగలాడేదాని కడుపులో పరాన్నజీవి ఈగ పిల్లలు ఉండొచ్చు. జబ్బుపడ్డది మెత్తబడి వేలాడుతుంది, నీరు కారుతుంది, వాసనేస్తుంది. ప్యూపాకు సిద్ధమైనది బిగువుగా ఉంటుంది, పుల్లతో తాకితే చటుక్కున కదులుతుంది. చిన్న పురుగు నల్లబడితే అనుమానించండి. వేలంత పురుగు నల్లబడితే ఎండుటాకులు వేయండి. ఇంకో తిరకాసు: పెరిగే క్రమంలో పొర (పాత చర్మం) విడిచే ముందు కూడా తినడం ఆపుతుంది, కానీ అప్పుడు కొమ్మ వదలదు, కదలకుండా కూర్చుంటుంది. తినట్లేదని టెన్షన్ పడేముందు అది ఎక్కడుందో చూడండి.

డబ్బాలో మట్టి పోసి పూడ్చినవాళ్లూ ఉన్నారు. దీనికి లోతు అక్కర్లేదు. ఎండుటాకుల మధ్య పలచగా పట్టుపోగులు అల్లుకుని పడుకుంటుంది. ప్యూపా లేత గోధుమరంగు, పక్కల నల్ల చుక్కలు, పొట్టవైపు నిలువునా నల్ల గీత. వెచ్చగా ఉంటే ఈ దశ రెండు వారాలు అటూ ఇటూ. ఒక గరుకు పుల్ల వాలుగా నిలబెట్టండి. బయటికొచ్చిన మాత్ దాన్ని ఎక్కి వేలాడితేనే రెక్కలు చక్కగా విచ్చుకుంటాయి. నున్నటి ప్లాస్టిక్ మీద జారిపడి, ముడతల రెక్కలతోనే ఆరిపోయినవి నా దగ్గరే రెండు.

అభ్యాసం: కొత్త పురుగును తెచ్చుకోండి. నేనైతే ఆకులు తిరగేయను. గన్నేరు, నందివర్ధనం మొక్కల కింద నల్లటి గుళికలు (పురుగు రెట్టలు) కనబడితే, సరిగ్గా వాటి పైన కొమ్మల్లో వెతుకుతాను. రోజూ సాయంత్రం ఒకే వేళకు ఫొటో తీయండి. రంగు తిరగడం మొదలైన రోజు మాత్రం గంటకోసారి, రాత్రి కూడా. గన్నేరు పాలు విషం, ఆకు తుంచిన ప్రతిసారీ చేతులు కడుక్కోండి.