వెనుక డిస్క్ బ్రేకుకు వేసిన పాత క్యాలిపర్ చక్రాన్ని వదలకపోతే

వెనుక డ్రమ్ములు తీసేసి డిస్క్ బ్రేకులు వేయించిన పాత జీపులు నెల్లూరు, కావలి, ఒంగోలు షెడ్లకు తరచుగా ఒకే ఫిర్యాదుతో వస్తాయి. పాత సామాను దుకాణంలో కొన్న క్యాలిపర్లకు (ప్యాడ్లను డిస్క్‌కు నొక్కే భాగాలు) కొత్త సీల్ కిట్ వేసి, ఎయిర్ తీసి బిగించిన రోజు బ్రేకు చక్కగా పడుతుంది. కానీ పది పదిహేను కిలోమీటర్లు నడిచేసరికి వెనుక చక్రం కాలిపోతుంది, ప్యాడ్ల వాసన వస్తుంది, గేరు తీసినా బండి సాగదు. క్యాలిపర్ విప్పి బిగించడం తెలిసినవారి కోసం ఇది రాస్తున్నాను కనుక ఆ పని మళ్లీ వివరించను.

ఏది విప్పబోయే ముందైనా ఒక పరీక్ష తప్పనిసరిగా చేయాలి. చక్రం పట్టేసి ఉన్నప్పుడే, చల్లారకముందే, మిగతా చక్రాలకు రాళ్లు పెట్టి జాకీతో ఎత్తి, క్యాలిపర్ మీద గాలి తీసే బ్లీడింగ్ నిపుల్‌కు గొట్టం తగిలించి అర మలుపు వదులు చేయండి. ఆయిల్ వేడిగా చిమ్ముతుంది కనుక మొహం దూరంగా ఉంచండి. నిపుల్ వదలగానే చక్రం తిరిగితే క్యాలిపర్‌లో దోషం లేదు, పైన ఎక్కడో ఒత్తిడి నిలిచిపోయింది. నిపుల్ వదిలినా తిరగకపోతే దోషం క్యాలిపర్ దగ్గరే ఉంది. ఈ రెండు నిమిషాల పని చేయకుండా, పెడల్ తొక్కితే ఆయిల్‌ను నెట్టే మాస్టర్ సిలిండర్ మార్చి, ఆ తర్వాత హోస్ పైపులు మార్చి, చివరికి ప్యాడ్లనే అరగదీసి వేసుకున్న బండ్లను చూసినప్పుడల్లా యజమాని ఖర్చు తలచుకొని బాధ కలుగుతుంది.

ఒత్తిడి నిలిచిన సందర్భంలో మొదట పెడల్‌కు కొంచెం ఖాళీ ఆట ఉందో లేదో చూడండి. పెడల్‌ను మాస్టర్ సిలిండర్‌కు కలిపే పుష్ రాడ్ బిగుతుగా ఉంటే అందులోని పిస్టన్ పూర్తిగా వెనక్కి రాక ఆయిల్ తిరిగి ట్యాంకులోకి వెళ్లదు. ఆట సరిగా ఉంటే, డ్రమ్ముల కాలం నాటి మాస్టర్ సిలిండర్‌నే ఉంచారా అని అడగండి. అలాంటి చాలా సిలిండర్లలో పైపులో సుమారు 10 పి.ఎస్.ఐ. ఒత్తిడిని నిలిపి ఉంచే చిన్న వాల్వు ఉంటుంది. డ్రమ్ములో బ్రేకు షూలను లాగే స్ప్రింగులు బలమైనవి కనుక ఆ ఒత్తిడి అక్కడ ఇబ్బంది పెట్టదు, డిస్క్‌లో మాత్రం అదే ప్యాడ్లను అంటిపెట్టి ఉంచుతుంది. డిస్క్‌కు తగిన మాస్టర్ సిలిండర్ వేయడమే దానికి మందు. ఈ రెండూ కాకపోతే లోపల ఉబ్బిన పాత హోస్‌ను అనుమానించండి.

ఇక నిపుల్ వదిలినా చక్రం తిరగని సందర్భం. హ్యాండ్ బ్రేక్ కేబుల్ మరీ బిగుతుగా ఉండి క్యాలిపర్ మీది లివర్ పూర్తిగా వెనక్కి రావడం లేదేమో, క్యాలిపర్ పక్కకు జరిగే స్లైడింగ్ పిన్నులు చేత్తో జారుతున్నాయో లేదో ముందే చూసేయండి. అవి బాగుంటే మిగిలేది నన్ను బాగా దెబ్బతీసిన కారణం.

కావలిలో ఒక జీపుకు వేసిన క్యాలిపర్‌ను నేను మూడుసార్లు విప్పాను. రెండు కిట్లు మార్చాను, పిస్టన్ కూడా కొత్తదే వేశాను. అయినా ఒంగోలు వైపు హైవే మీద ఉలవపాడు చేరేలోపే హబ్ మీద చల్లిన నీళ్లు చుయ్యిమన్నాయి. మూడోసారి విప్పినప్పుడు సీల్ కూర్చునే గాడిలో మొన వంచిన ఇనుప పుల్ల పెట్టి గీశాను. గుడ్డతో తుడిచినప్పుడు శుభ్రంగా కనిపించిన ఆ గాడిలోంచి ముదురు గోధుమరంగు పొడి రాలింది. ఆ తుప్పు పొర పోత ఇనుము రంగులోనే ఉండటం వల్ల అప్పటిదాకా కంటికి ఆనలేదు.

ఆ పలుచని పొర ఇంత పని ఎందుకు చేస్తుందంటే, డిస్క్ క్యాలిపర్‌లో పిస్టన్‌ను వెనక్కి లాగే స్ప్రింగు లేదు, ఆ పని సీలే చేస్తుంది. నలుచదరపు అంచుల ఆ రబ్బరు వలయం పెడల్ తొక్కినప్పుడు పిస్టన్‌ను పట్టుకొనే ముందుకు వాలి, వదిలినప్పుడు మళ్లీ నిటారై దాన్ని మిల్లీమీటరులో కొద్ది వంతు వెనక్కి తెస్తుంది. అలా వాలడానికి చోటు ఉండాలనే గాడి ముందు అంచును ఏటవాలుగా చెక్కుతారు. తుప్పు ఆ వాలును నింపేస్తే సీల్ వంగలేదు, పిస్టన్ దాని మీద జారి ముందుకు పోయి అక్కడే ఉండిపోతుంది. గాడి అడుగున పేరుకుంటే సీల్ పైకి ఉబ్బి పిస్టన్‌ను నొక్కేస్తుంది. బ్రేక్ ఆయిల్ తేమను పీల్చుకుంటుంది, పైగా మన తీరంలో హోస్ కోసేసి ఆరుబయట పడేసిన క్యాలిపర్లలోకి ఉప్పుగాలి నేరుగా చేరుతుంది.

గాడిని చుట్టూ, ముఖ్యంగా ముందు వాలును, పొడి రాలడం ఆగేదాకా ఇత్తడి పుల్లతో గీకండి. గట్టిపడిన చోట ఇనుప పుల్ల వాడినా అంచు చెక్కుకుపోకూడదు. అల్యూమినియం క్యాలిపర్‌లో ఇదే పొర తెల్లని పొడిగా వస్తుంది. తర్వాత బ్రేక్ క్లీనర్‌తో కడగండి. పెట్రోలు, కిరోసిన్, డీజిల్ తగిలితే సీల్ ఉబ్బుతుంది కనుక వాటిని దగ్గరికి రానీయకండి. కొత్త సీల్‌ను తాజా బ్రేక్ ఆయిల్‌తో తడిపి కూర్చోబెట్టాక పిస్టన్ రెండు బొటనవేళ్ల బలానికి నిదానంగా లోపలికి దిగాలి. హ్యాండ్ బ్రేక్ కలిసి ఉన్న క్యాలిపర్‌లో పిస్టన్‌ను నొక్కుతూ తిప్పాలి, అక్కడ కూడా తిప్పడం సాఫీగా సాగాలి. సి క్లాంపు లేనిదే దిగనంటే గాడి ఇంకా శుభ్రపడలేదు. సిలిండర్ గోడ మీద మచ్చలు ఉన్నా ఫరవాలేదు, పిస్టన్ మీద గుంటలు ఉంటే మాత్రం దాన్ని పారేయండి.

చక్రం వేడెక్కకుండా పెడల్ మాత్రం స్పాంజిలా దిగుతుంటే, నిపుల్ క్యాలిపర్‌కు పైన ఉందో కింద ఉందో చూడండి. కుడి, ఎడమ తారుమారై నిపుల్ కిందికి వస్తే ఎంత ఆయిల్ పోసినా గాలి పైనే చిక్కుకుంటుంది. అటుదిటు మార్చి బిగించేటప్పుడు రాగి వాచర్లు కొత్తవి వేయండి. డిస్క్ వంగడం, హబ్ బేరింగ్ పోవడం వంటివి అరుదు, పైవన్నీ చూశాకే వాటి జోలికి వెళ్లండి.