వైజాగ్ మేడమీద బ్లూబెర్రీ: ముందు నీళ్లు చూసుకోండి

విశాఖలో బ్లూబెర్రీ మొక్క చనిపోతే నెపం ఎండ మీదకే పోతుంది. చాలాసార్లు దాన్ని చంపేది బోరు నీళ్లు. ఈ మొక్కకు పీహెచ్ 4.5 నుంచి 5.5 దాకా ఉండే ఆమ్ల గుణం కావాలి. బకెట్ అడుగున తెల్లపొర కట్టే నీళ్లు రోజూ పోస్తే, ఎంత మంచి మిశ్రమం కలిపినా కొన్ని నెలల్లో పీహెచ్ పైకి పోతుంది. అప్పుడు కుండీలో ఇనుము ఉన్నా వేరు అందుకోలేదు. లేత ఆకు ఒకటి పట్టుకుని చూడండి: ఆకంతా పసుపు, ఈనెలు మాత్రం పచ్చపెన్నుతో గీసినట్టు ఉంటే సమస్య అదే. తర్వాత అంచులు మాడతాయి, అది ఉప్పు పని.

ఈ ఆమ్లం సంగతి 1910లో ప్రయోగాలతో చూపించినవాడు అమెరికా వృక్షశాస్త్రవేత్త ఫ్రెడరిక్ కోవిల్. ఎలిజబెత్ వైట్‌తో కలిసి ఆయన న్యూజెర్సీలో తీసిన తొలి పంట 1916లో అమ్మకానికి వచ్చింది. అంతకుముందు జనం తిన్నదంతా అడవి కాయే.

ఏ రకం కొనాలి

బ్లూబెర్రీలో పూత రావడానికి చలి గంటలు లెక్క, అంటే 7 డిగ్రీల లోపు చలిలో మొక్క గడిపే గంటలు. డ్యూక్, బ్లూక్రాప్ లాంటి నార్తర్న్ హైబుష్ (చలి దేశాల) రకాలకు 800 గంటలు, ఆపైన కావాలి. ర్యాబిట్ఐ రకాలు చాలావాటికి 300 నుంచి 600. వైజాగ్‌లో సంక్రాంతి రాత్రి కూడా అంత చలి పడదు కాబట్టి ఇవన్నీ ఆకులతోనే ఉండిపోతాయి. మనకు పనికొచ్చేవి తక్కువ చలి అడిగే సదరన్ హైబుష్ రకాలు: బిలాక్సీ, మిస్టీ, షార్ప్‌బ్లూ. మొదట బిలాక్సీ పెట్టండి. గట్టి చలి పడని పెరూ తీరంలో తొలి తోటలు ఎక్కువగా వేసింది దానితోనే. పక్కన మిస్టీ ఒకటి ఉంటే పరపరాగ సంపర్కం జరిగి కాయ సైజు పెరుగుతుంది. లంబసింగి, అరకు వైపు భూమి ఉన్నవాళ్లకు చలి కలిసొస్తుంది, రకాల ఎంపిక కొంచెం విశాలం.

విత్తనాల ప్యాకెట్లు కొనకండి. గింజ మొక్క తల్లి రకంలా రాదు, కాపుకు ఏళ్లు పడుతుంది. నర్సరీవాళ్లు రకం పేరు చెప్పలేకపోతే ఆ మొక్క వద్దు.

కుండీ, మిశ్రమం

బ్లూబెర్రీ వేళ్లకు నూగు వేళ్లు ఉండవు. దారప్పోగుల్లా సన్నగా, పైపైనే పాకుతాయి, బిగిసిన మట్టిని చీల్చలేవు. అందుకే ఎర్రమట్టి ఒక్క గుప్పెడు కూడా వద్దు. 30 నుంచి 40 లీటర్ల వెడల్పాటి కుండీ లేదా గ్రో బ్యాగ్ తీసుకుని, కింద కనీసం ఆరు రంధ్రాలు చూసుకోండి. 5 పాళ్లు కోకోపీట్, 3 పాళ్లు పైన్ బెరడు ముక్కలు, 2 పాళ్లు పెర్లైట్ (తేలికైన తెల్లరాతి గుళికలు). బెరడు దొరక్కపోతే ఊకకు మరిగే నీళ్లు పోసి ఆరబెట్టి కలపొచ్చు, కానీ అది త్వరగా కుళ్లి కుంగుతుంది, ఏటా పైన నింపాలి.

కోకోపీట్ కడగడం దగ్గర బద్ధకించవద్దు. రాత్రంతా నానబెట్టి, పిండి, నీళ్లు పారబోసి, కనీసం మూడుసార్లు చేయాలి. పిండిన నీటి టీడీఎస్ (నీటిలో కరిగిన లవణాల కొలత), మీరు వాడిన నీటి టీడీఎస్‌కు దగ్గరగా వచ్చేదాకా ఆపకండి. కొబ్బరి పీచులోని ఉప్పు అలా కడిగితేనే పోతుంది.

నాటేటప్పుడు వేరుముద్ద బయట చుట్టలు చుట్టుకుని ఉంటే చేతివేళ్లతో విడదీయండి. నర్సరీ కుండీలో ఎంత లోతులో ఉందో అంతే లోతులో పెట్టాలి. పైన రెండంగుళాలు ఎండిన సరుగుడు ఆకు పరవండి, మన తీరంలో అది కావలసినంత దొరుకుతుంది. కాండం చుట్టూ మాత్రం ఖాళీ వదలండి.

నీళ్లు

వాన నీరు అన్నిటికన్నా మేలు. ఏసీ నుంచి కారే నీళ్లలో లవణాలు దాదాపు ఉండవు, బకెట్ పెట్టి పట్టుకోండి. ఆర్వో యంత్రం బయటికి వదిలే నీళ్లు మాత్రం పోయకూడదు, ఉప్పంతా అందులోనే ఉంటుంది. కుళాయి నీళ్లే దిక్కయితే 10 లీటర్లకు 1 గ్రాము నిమ్మ ఉప్పు కలిపి, పీహెచ్ పట్టీతో చూసి, 5.5 దగ్గరకు వచ్చేదాకా అర గ్రాము చొప్పున పెంచండి. సున్నం ఎక్కువున్న బోరు నీళ్లకు 4, 5 గ్రాములు కూడా పట్టొచ్చు. అయితే నిమ్మ ఉప్పు సున్నాన్ని విరిచేస్తుంది గానీ ఉప్పదనాన్ని తీయలేదు. నోటికి ఉప్పగా తగిలే నీళ్లను అసలు వాడకండి. పటిక వేయమని కొందరు చెబుతారు, అందులోని అల్యూమినియం వేళ్లకు విషం.

మార్చి నుంచి జూన్ దాకా రోజూ పొద్దున్నే పోయాలి, అడుగు నుంచి కొంచెం కారాలి. మిశ్రమం తడిగా ఉన్నా మొక్క వాడితే వేరు కుళ్లు పట్టిందని అర్థం. అప్పుడు ఇంకా నీళ్లు పోస్తే మిగిలిన వేళ్లూ పోతాయి. వేసవిలో మధ్యాహ్నపు ఎండకు 50 శాతం షేడ్ నెట్ కట్టండి, పొద్దుటి ఎండ మాత్రం తగలనివ్వండి. అక్టోబరు, నవంబరులో తుఫాను హెచ్చరిక రాగానే కుండీలను పిట్టగోడ వారకు దించి తాడుతో కట్టేయండి. హుద్‌హుద్ వచ్చింది 2014 అక్టోబరు 12న. గాలి తగ్గాక ఆకుల మీది ఉప్పును మంచినీళ్లతో కడగాలి.

ఎరువు, కత్తిరింపు, కోత

నత్రజని అమ్మోనియం రూపంలోనే ఇవ్వాలి. 4 లీటర్ల నీళ్లలో 2 గ్రాముల అమ్మోనియం సల్ఫేట్, 15 రోజులకోసారి, తడి మిశ్రమం మీదే. పొటాష్‌కు సల్ఫేట్ ఆఫ్ పొటాష్ వాడండి. మామూలు ఎర్ర పొటాష్‌లోని క్లోరైడ్ దీనికి పడదు. కోడిగుడ్డు పెంకులు, కట్టెల బూడిద, ఎముకల పొడి మిగతా మొక్కలకు ఎంత మంచివైనా ఇక్కడ పీహెచ్ పెంచి చెడుపే చేస్తాయి. ఆకులు పసుపైతే ముందు నీటి పీహెచ్ సరిచేసి, ఆ తర్వాతే ఐరన్ చీలేట్ (వేరు అందుకోగల రూపంలోని ఇనుము) ఇవ్వండి.

మొదటి ఏడాది పూలన్నీ గిల్లేయండి, మనసొప్పకపోయినా సరే. రెండో ఏడాది నుంచి వానలు స్థిరపడ్డాక జూలైలో సన్నకొమ్మలు తీసేసి, మిగతావాటిని మూడో వంతు కత్తిరించండి. కొత్త చిగుళ్లు ముదిరే సమయానికి పగళ్లు పొట్టివై మొగ్గ కడుతుంది. పువ్వు బోర్లించిన చిన్న గంటలా ఉంటుంది, పుప్పొడి కదిలిస్తేనే రాలుతుంది. తేనెటీగలు రాని మేడమీద ఎలక్ట్రిక్ టూత్‌బ్రష్ వెనక భాగాన్ని కాడకు రెండు సెకన్లు ఆనిస్తే చాలు.

కాయ నీలంగా మారిన రోజే కోయకండి. కాడ దగ్గర ఎర్రటి వలయం కనిపిస్తుంటే ఇంకా పులుపే, కోశాక తీపి పెరగదు. మరో నాలుగైదు రోజులు ఆగితే వేలితో తాకగానే చేతిలోకి రాలుతుంది. పైనున్న బూడిదరంగు మైనపు పొరను తుడవకండి, కాయ నిలవ ఉండేది దానివల్లే. రంగు తిరిగేసరికి పిగిలిపిట్టలు వస్తాయి, వల ముందే కప్పండి.

ఇంత నీటి పని కుదరనివాళ్లకు వాక్కాయ ఉంది. బ్లూబెర్రీకి చుట్టం కాదు గానీ ఎర్రమట్టిలో, నీళ్లు అంతగా పోయకపోయినా విరగకాస్తుంది, పప్పులోకి దానికి సాటి లేదు. ముళ్లుంటాయి, పిట్టగోడ నుంచి అడుగున్నర దూరంలో పెట్టండి.