రాతి పనిముట్ల అరుగుదల చదవడం – 4వ పాఠం: అబ్సిడియన్ దగ్గర మెరుపును నమ్మొద్దు

పోయిన పాఠం దాకా చెకుముకి రాయితోనే గడిపాం. గడ్డి కోసిన అంచుకు పట్టే ఆ తళుకు చూసీ చూసీ మీ కన్ను ఈపాటికి దానికే అలవాటు పడి ఉంటుంది. ఆ అలవాటు ఈసారి పనికిరాదు, ఎందుకంటే అబ్సిడియన్ వాడకముందే మెరుస్తుంది.

ఇది అగ్నిపర్వత గాజు. సిలికా నూటికి 70 పాళ్లకు పైగా ఉండే చిక్కటి లావా, స్ఫటికాలు కట్టే వ్యవధి లేకుండా చల్లారితే వచ్చేది. రేకులూ పొరలూ లేవు కాబట్టి దెబ్బకు గవ్వ లోపలి వంపులాగా పెచ్చు లేస్తుంది, వాదర భయంకరమైన పదునుగా వస్తుంది. గట్టిదనం మాత్రం తక్కువే. మోస్ కొలతలో 5 నుంచి 5.5, చెకుముకి దాదాపు 7. అంటే మామూలు ఇసుక రేణువు కూడా దీన్ని గీరేస్తుంది! పైగా పని చేస్తుండగా అంచు నుంచి రాలిన గాజు పొడే మధ్యలో ఇరుక్కుని అదే అంచును గీకుతుంది. అందుకే ఒకే పనికి ఇక్కడ గీతలు తొందరగా పడతాయి, అంచు తొందరగా చిట్లుతుంది, నునుపు రావడానికే ఆలస్యం.

కాబట్టి ముందు గీతల దిశ చూడండి. అంచు వెంబడి సాగితే కోత, అంచుకు అడ్డంగా ఉంటే గీకుడు. పనిముట్టు ఎటు కదిలిందో గీతలే చెబుతాయని సోవియట్ పురావస్తు శాస్త్రవేత్త సెమ్యోనోవ్ 1957లోనే రష్యన్‌లో వివరంగా రాశాడు. తర్వాత ఒక్క గీతనే పట్టుకుని మైక్రోస్కోపు కింద 200 రెట్లలో లోపలికి చూడండి. కొన్నిటి అడుగు నున్నగా ఉంటుంది, కొన్నిటిది చిరిగినట్టు గరుకుగా ఉంటుంది, ఇంకొన్ని అసలు గీతలే కావు, నెలవంక ఆకారపు చిన్న పగుళ్లు వరుసగా పేర్చినట్టుంటాయి. గట్టి రేణువు ఒత్తుకుంటూ జారితే గాజు అలాగే పగులుతుంది. నాకైతే అబ్సిడియన్‌లో చూడదగ్గది ఇదే.

ఆ తర్వాతే అంచు. తోలు గీకితే గుండ్రబడుతుంది, ఎముకకు చిట్లుతుంది. ఇక్కడ రాయి పుట్టుక కూడా లెక్కలోకి వస్తుంది. మెక్సికోలోని పచుకా ఆకుపచ్చ అబ్సిడియన్ చాలా శుభ్రం. స్ఫటికాలో బుడగలో ఉన్న రాయైతే పెచ్చు అక్కడే మొదలవుతుంది, దాన్ని పని మీదకు నెట్టకండి.

మట్టిలో పడి, కాళ్ల కింద నలిగి వచ్చిన గీతలు వేరు. అవి ముక్క నడిమధ్యన కూడా, అన్ని దిక్కులకూ ఉంటాయి. వాడకం గీతలు అంచు దగ్గర గుమిగూడి లోపలికి పోయే కొద్దీ పలచబడతాయి. ఇంకో సంగతి, వేలి జిడ్డు అచ్చం పాలిష్‌లా కనిపిస్తుంది, గిన్నెల సబ్బుతో కడగకుండా అస్సలు చూడొద్దు.

ఈ వారం అభ్యాసానికి అబ్సిడియన్ కొననక్కర్లేదు. మందపాటి సీసా అడుగు చాలు, గట్టిదనం ఇంచుమించు అంతే. కళ్లద్దాలు, గ్లౌజులు వేసుకుని, కింద పాత దుప్పటి పరిచి రెండు పెచ్చులు తీయండి. వాడకముందే రెండు అంచులనూ ఫోటో తీయాలి, ఇది మరిస్తే మిగతాదంతా వృథా. ఒకదాంతో ఎండు వెదురు కోయండి, రెండోదాంతో కాస్త ఇసుక చల్లిన తోలు ముక్క గీకండి. కడిగాక అదే చోట మళ్లీ ఫోటో. వచ్చే పాఠంలో ఆ నాలుగు ఫోటోల మీదే పని.